వాకబుదారు

లోకేశ్ మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి ఆదివారమే నాకు అనుమానం వచ్చింది. చేతిలో స్వీట్ల డబ్బా. బూట్లు విప్పి గోడవారగా బుద్ధిగా సర్దాడు. ఇంకా కూర్చోకుండానే, "ఇల్లు మంచిగున్నదక్కా, సొంతమా, రెంటా?" అన్నాడు. ఆట ఆడుకోవడానికి వచ్చినవాడికి ఇల్లు ఎవరిదైతే ఏంటి?

నా పేరు మృదుల. ఈ పేరు పెట్టేనాటికి నాకింకా మాటలు రాలేదని, వచ్చుంటే పెట్టేవాళ్లు కాదని మా తమ్ముడు ప్రజ్వల్ అందరితోనూ అంటుంటాడు. నేను ఐర్లండ్‌లో, డ్రోహెడా ఆసుపత్రిలో మత్తు డాక్టర్ని. వాడు సాఫ్ట్‌వేర్. అక్కాతమ్ముళ్లం ఒకే ఇంట్లో ఉంటాం. నేను పెళ్లి చేసుకోలేదు. మొదట చదువు అడ్డమొచ్చింది, తర్వాత ఇక్కడి పరీక్షలు, తర్వాత వీడు.

వీడు ఎందుకు అడ్డమొచ్చాడో చెప్పాలి. ప్రజ్వల్‌కి చిన్నప్పట్నుంచీ ఫిట్స్ ఉన్నాయి. మందులతో అదుపులో ఉన్నాయి, చివరిసారి వచ్చి రెండేళ్లు దాటింది. కాకినాడలో ఒక్కసారి తప్ప మా ఇంటి గోడ దాటి ఆ మాట బయటికి పోలేదు. ఇప్పుడు వాడికి సంబంధం కుదరబోతోంది. పిల్ల పేరు చరిత, డబ్లిన్ శివార్లలో క్లాండాల్కిన్‌లో ఉద్యోగం. వాళ్లది గుంటూరు నుంచి వెళ్లి హనుమకొండలో స్థిరపడ్డ కుటుంబం. ఇద్దరూ డబ్లిన్‌లో నాలుగైదుసార్లు కలిశారు, నచ్చుకున్నారు. నేను మాత్రం ఆ అమ్మాయిని ఇంకా చూడలేదు. ఫిట్స్ సంగతి పెళ్లయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చన్నది మా అమ్మ సిద్ధాంతం. డాక్టర్నై ఉండి నేనూ తలూపాను. తప్పని తెలియక కాదు. ఇదివరకు ఒక సంబంధం ఆ మాట చెప్పగానే ఎలా వెనక్కి పోయిందో, వారంపాటు వీడు అన్నం ఎలా కెలికాడో నేను చూశాను.

ఇక వాకబు సంగతి. మనవాళ్లు సంబంధం ఖాయం చేసుకునేముందు వాకబు చేయిస్తారు కదా. సూటిగా వచ్చి ఎవరూ అడగరు. వేరే పని మీద వచ్చినట్టు ఎవరో వస్తారు, మంచినీళ్లు అడుగుతారు, మాటల్లో పెడతారు. మా చిన్నత్త సంబంధానికి మా పెదనాన్న పాత కుట్టుమిషన్ కొనేవాడిలా వాళ్ల వీధిలోకి వెళ్లాడట. పెళ్లికొడుకు తాగుతాడన్న కబురుతో పాటు కుట్టుమిషన్ కూడా మోసుకొచ్చాడు.

మరి ఐర్లండ్‌లో వాకబు ఎలా చేస్తారు? ఇరుగుపొరుగుని అడిగి లాభం లేదు. మా పక్కింటావిడని ఎవరి గురించి అడిగినా "గ్రాండ్" అనే అంటుంది, బాగుందని. రోజంతా వాన పడినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. కాబట్టి పిల్ల తరఫు మనిషి తిన్నగా ఇంట్లోకే రావాలి. రావడానికి సాకు కావాలి. మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ సాకు సిద్ధంగా ఉంటుంది.

అదే మా ఆట. వంటింటి బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ప్రజ్వల్ కథ నడుపుతాడు. కోట ఉంది, కోటలో దెయ్యముంది, మీరేం చేస్తారు అంటాడు. మిగతావాళ్లం తలా ఒక పాత్ర అయిపోయి, ఏం చేస్తామో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే దెబ్బ తగులుతుంది. పాత్రలకి తరగతులుంటాయి. యోధుడు, మాంత్రికుడు, వైద్యుడు, దొంగ. ఎవరి విద్య వాళ్లది. దెబ్బలు తింటూ, గెలుస్తూ, ఓడుతూ అనుభవం సంపాదించుకుంటే పాత్ర ఒక్కో మెట్టూ పైకెక్కుతుంది. మొదట్లో నేను వాడిని కనిపెట్టుకుని ఉండటానికే కూర్చున్నాను. తర్వాత నాకూ రుచి తగిలింది.

ఈ వేసవిలో ప్రజ్వల్ ఉన్నట్టుండి ఆ తరగతులన్నీ తీసి పారేశాడు.

"అవి యుద్ధానికి పుట్టినవక్కా," అన్నాడు. "మనలో కత్తి పట్టిందెవరు? మనుషులు ఒకళ్లకొకళ్లు ఏమవుతారో దాన్నిబట్టి కొత్తవి చేశాను."

యోధుడి బదులు పెద్దమనిషి వచ్చాడు. కత్తి ఉండదు, "నేను చూసుకుంటా" అని అందరికంటే ముందుకెళ్లి తన్నులు తింటాడు. వాడిని ఎవరూ తీసుకోలేదు. మాంత్రికుడి బదులు సర్దుబాటు మనిషి. మంత్రాలుండవు, మాటలతో రాక్షసుడినైనా చల్లబరుస్తుంది. అది జెస్సికా తీసుకుంది. జెస్సికాది తెనాలి, మా ఆపరేషన్ థియేటర్లో నర్సు. సర్జన్లకీ నాకూ మధ్య రోజూ ఆమె చేసే పని అదే. వైద్యుడి బదులు కాపరి. కాపరి గాయాలు మాన్పదు, అసలు తగలనివ్వదు. ఆమె చెయ్యి ఎవరి భుజం మీద ఉంటే వాళ్లకి దెబ్బే ఉండదు. "మా చర్చిలో కాపరంటే పాస్టరు గారు. మీకూ ఆయనకీ పోలికే లేదక్కా," అని జెస్సికా నవ్వింది. నేను కాపరినే తీసుకున్నాను.

దొంగ బదులు వాకబుదారు. తాళాలు తీయడు, గోడలు దూకడు. వచ్చి కూర్చుంటాడు, మంచినీళ్లడుగుతాడు, ఎదుటివాళ్లు వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు.

కొత్తగా వచ్చిన లోకేశ్ ముందు ప్రజ్వల్ ఇవన్నీ వివరిస్తే, అతను క్షణం ఆలోచించలేదు. "నేను వాకబుదారు అయిత," అన్నాడు. అని నావైపు చూసి నవ్వాడు.

ఆట అయ్యాక ప్రజ్వల్‌ని పట్టుకున్నాను. "ఎవడు వీడు?"

"ఆన్‌లైన్‌లో పరిచయం. ఆట బాగా ఆడతాడు."

"ఏ ఊరు?"

"వరంగల్ వైపనుకుంటా."

వరంగల్ వైపు! హనుమకొండ ఎక్కడుంది మరి? వీడు కంప్యూటర్లకి బుర్ర ఇచ్చేసి మనుషులకి ఏమీ మిగుల్చుకోలేదు అనుకున్నాను. తర్వాతి ఆదివారం అతను వచ్చేముందే మందుల డబ్బా తీసి నా గదిలో దాచాను. అంతకుముందు అది వంటింటి ప్రెస్‌లో పై అరలో, పప్పుల పక్కన ఉండేది. అల్మారాని మేమూ ఇక్కడివాళ్లలాగే ప్రెస్ అనడానికి అలవాటుపడ్డాం.

రెండో ఆదివారం లోకేశ్ నాతో పాటు ఉల్లిపాయలు తరుగుతానని వంటింటి గట్టు దగ్గర చేరాడు. పకోడీలకి ఉల్లిపాయలు తరిగే మగవాడిని ఎందుకు నమ్మాలి?

"అక్కా, ప్రజ్వల్ కార్ నడపడా? ఆఫీసుకు రోజు బస్సేనా?"

కత్తి నా చేతిలో ఆగిపోయింది. నిజానికి ఫిట్స్ అదుపులో ఉన్నాయి కాబట్టి వాడు నడపొచ్చని ఇక్కడి డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. వద్దన్నది నేను.

"వాడికి బస్సంటే ఇష్టం," అన్నాను.

"బస్సంటే ఇష్టమా?"

"చిన్నప్పట్నుంచీ."

అతను ఉల్లిపాయలవైపు చూస్తూ "మంచిదే" అన్నాడు. ఇంతలో ప్రజ్వల్ వచ్చి ప్రెస్ తలుపు తెరిచి, ఊరంతా వినబడేలా, "అక్కా, నా టాబ్లెట్లేవి?" అన్నాడు.

"విటమిన్ డి," అన్నాను లోకేశ్‌తో, అతనేమీ అడగకుండానే. "ఈ దేశంలో ఎండెక్కడుంది?"

ప్రజ్వల్ నన్ను అదోలా చూశాడు. పైకి రమ్మని కళ్లతో సైగ చేశాను. వాడు రాలేదు.

అమ్మకి ఫోన్ చేసి చెబితే ఆవిడ నామీదే పడింది. "బస్సంటే ఇష్టమని చెప్పావా? పెళ్లికొడుకు గురించి చెప్పుకునే మాటేనే అది? ఉన్న కారు అమ్మేసి కొత్తది చూస్తున్నాడని చెప్పొచ్చుగా! నోరు జాగ్రత్తమ్మా. ఈ సంబంధం కూడా పోతే వాడు మళ్లీ పెళ్లి మాటెత్తనివ్వడు."

అది నాకు తెలియదా? వీడు చరిత పేరు పలికేటప్పుడు మొహం ఎలా మారుతుందో ఆవిడ ఫోన్‌లో చూస్తుందేమో, నేను ఎదురుగా చూస్తున్నాను. అందుకే వాకబుకి ఎదురు వాకబు మొదలుపెట్టాను. జెస్సికా వెళ్లే చర్చికి క్లాండాల్కిన్ నుంచి వచ్చే కుటుంబం ఒకటుంది. వాళ్లని కదిపి చూడమన్నాను. ఆమె మరుసటి వారం థియేటర్లో, కేసుకీ కేసుకీ మధ్య, మాస్కు దించకుండానే చెప్పింది.

"అక్కా, మీ అనుమానం నిజమే. ఆ అబ్బాయీ చరితా ఒకే ఆఫీసు, ఒకే టీము. లంచ్ కూడా కలిసే తింటారంట."

నా ఒళ్లు మండిపోయింది. భయమూ వేసింది. ప్రజ్వల్‌కి చెబుదామనుకుని ఆగాను. చెబితే వాడు మొహమాటపడి అన్నీ కక్కేస్తాడు. నేనే చూసుకోవాలి, ఎప్పుడూ నేనే చూసుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం బయట వాన, లోపల పకోడీలు. జెస్సికా, నేను, లోకేశ్ బల్ల చుట్టూ. ప్రజ్వల్ కథలో మేము ఒక నది దగ్గరికి చేరాం. మొదలెట్టిన దగ్గర్నుంచీ నా కాపరి చెయ్యి జెస్సికా పాత్ర భుజం మీదే ఉంది. ఆమెకి ఒక్క గీత కూడా పడలేదు. నాకు గర్వంగా ఉండేది.

"నాకో సందేహం," అంది జెస్సికా పాచిక దొర్లిస్తూ. "లోకేశ్ నిన్నగాక మొన్నొచ్చి నాలుగో మెట్టెక్కాడు. నేనింకా మొదటి మెట్టు మీదే ఉన్నానేంటి?"

"కాపరికి ఇంకో నియమం ఉంది," అన్నాడు ప్రజ్వల్. "ఎవరూ అడగలేదని చెప్పలేదు. ఆమె చెయ్యి ఎవరి మీద ఉంటే వాళ్లకి దెబ్బ తగలదు. అనుభవమూ రాదు."

"ఇదెక్కడి నియమం రా?" అన్నాను.

"దెబ్బ తగలకుండా అనుభవం ఎలా వస్తుందక్కా?"

వాడు గొంతు పెంచలేదు. నాకు ఎందుకో చెంప మీద కొట్టినట్టయింది. వెంటనే కథలోకి వెళ్లిపోయాడు. నదిలో పడవవాడున్నాడు. వాకబుదారు తన తోటివాళ్లలో ఒకరిని ఒక ప్రశ్న అడగాలి. వాళ్లు నిజం చెబితేనే పడవ కదులుతుంది.

లోకేశ్ నావైపు తిరిగాడు. "కాపరీ, నువ్వు ఇంతగనం పట్టుకొని ఉన్నవు గద. నీ చేతికింద మనిషికి అసలు ఏమైంది? ఏం దాస్తున్నవ్?"

చాలు. ఇంతకంటే ఏం కావాలి? ఆట పేరు చెప్పి, నా ఇంట్లో, నా పకోడీలు తింటూ, నా మొహం మీదే అడుగుతున్నాడు.

"నా తమ్ముడికి ఫిట్స్ ఉంటే నీకేంటయ్యా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "రెండేళ్లైంది రాక. మందులు వేసుకుంటున్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు, నీకంటే నిక్షేపంగా ఉన్నాడు. వెళ్లి చెప్పుకో మీ చరితకి! చెడగొట్టాలనేగా వచ్చావు, చెడగొట్టు!"

జెస్సికా చేతిలో పకోడీ చేతిలోనే ఉండిపోయింది.

"అక్కా," అన్నాడు లోకేశ్ మెల్లగా, "నేను జెస్సికా పాత్ర గురించి అడిగిన."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. నేను తడుముకోవడంతో ఆగానా? కాయ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇన్నేళ్లు అమ్మా నేనూ పంటి బిగువున దాచిన మాటని నా నోటితో నేనే, వాకబుకి వచ్చినవాడికి, అడక్కుండా అప్పజెప్పాను. కళ్లలో నీళ్లొచ్చేశాయి. ప్రజ్వల్ మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

"అక్కా," అన్నాడు ప్రజ్వల్. "చరితకి తెలుసు."

"ఏం తెలుసు?"

"అన్నీ. మొదటిసారి కలిసినప్పుడే చెప్పేశాను. ఏ మందులో కూడా చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆగేదానివా? అమ్మా నువ్వూ ఆ అమ్మాయికి ఫోన్ చేసి, వాడు తమాషాకి అన్నాడని సర్దేవాళ్లు."

అదీ నిజమే. సరిగ్గా అదే చేసేదాన్ని. నేను లోకేశ్ వైపు తిరిగాను. అనుమానం అంత తేలిగ్గా చావదు.

"తెలిసిన సంగతికి వాకబు ఎందుకు? ఆమె పంపలేదని ఒట్టేసి చెప్పు."

లోకేశ్ పాచిక చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టాడు. అబద్ధం చెబుతాడనుకున్నాను.

"పంపింది. వాకబుకే వచ్చిన. కాని ప్రజ్వల్ గురించి కాదక్కా, మీ గురించి."

"నా గురించా?"

"చరిత ఏమన్నదంటే, ఫిట్స్‌తోని నేను బతుకుత, వాళ్ల అక్కతోని బతుకుతనా చూసి చెప్పు అన్నది."

ఆడపడుచు. నాకు అంతవరకూ ఆ మాటే తట్టలేదు. పెళ్లికూతురివాళ్లు వాకబు చేస్తే పెళ్లికొడుకు గురించే చేస్తారనుకున్నాను. ఆ ఇంటి ఆడపడుచు ఎలాంటిదని అడగని తల్లి మన దేశంలో ఉందా? ఎంతమంది పిల్లల పెళ్లిళ్లలో ఆ మాట విన్నాను! ఎప్పుడూ అది ఇంకెవరో. నోరున్న మనిషి, పెత్తనం చేసే మనిషి, తమ్ముడిని కొంగున కట్టేసుకున్న మనిషి. అది నేనవుతానని అనుకోలేదు.

"నీకు తెలుసా ఇది?" అన్నాను ప్రజ్వల్‌తో.

వాడు తలొంచుకున్నాడు. "లోకేశ్‌ని పిలిచింది నేనే. చరిత భయపడుతోందక్కా. నేను ఏ గంటకి పడుకోవాలో, బస్సులో ఏ సీట్లో కూర్చోవాలో నువ్వే చెబుతావని ఆమెకి తెలిసిపోయింది. మా అక్క మంచిదని నేనంటే నమ్మలేదు. పోనీ వేరేవాళ్లు చూసి చెప్పనీ అన్నాను. ముందే చెబితే నువ్వు మంచిదానిలా నటిస్తావు. ఆటలో అయితే నువ్వు నువ్వుగా ఉంటావు."

"అందుకా ఈ కొత్త తరగతులు? నాకోసం వల పన్నావా?"

"వల కాదు. నాకు వేరేలా చెప్పడం చేతకాలేదు."

నేను లేచి సింకు దగ్గరికెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. కోపంగా ఉంది. వాడి మీద, ఆ లోకేశ్ మీద, చూడని ఆ పిల్ల మీద. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. ఈ సంబంధం చెడితే చెడగొట్టింది వాడి జబ్బు కాదు, నేను.

జెస్సికా తన సర్దుబాటు విద్య ఏదీ వాడలేదు. కోటు వేసుకుని నా వీపు మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. లోకేశ్ బూట్లు తొడుక్కుంటుంటే గుమ్మం దాకా వెళ్లాను.

"ఏం చెబుతావు ఆమెకి?"

"చూసింది చెప్త అక్కా."

"ఏం చూశావు?"

అతను లేసు ముడేసి లేచాడు. "మీరు ఆయన కోసం ఎవరితోనైన కొట్లాడుతరు. ఆయనతోని కూడ," అన్నాడు.

ఆ రాత్రి ప్రజ్వల్‌తో మాట్లాడలేదు. మందుల డబ్బా మాత్రం తీసుకెళ్లి మళ్లీ ప్రెస్‌లో పెట్టేశాను.

మర్నాడు సాయంత్రం డ్యూటీ అయ్యి ఆసుపత్రి కార్ పార్కులో కారెక్కుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నమస్తే అండీ, నేను చరితని," అంది. సన్నటి గొంతు, కొంచెం వణుకుతోంది. నాకంటే ఈ పిల్లే ఎక్కువ భయపడుతోందని తెలిసి నాకు సిగ్గేసింది. ఏదో చెప్పబోయాను, ఆమె ఆపింది. "లోకేశ్ అంతా చెప్పాడు. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం. మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆయనకి ఫిట్ వస్తే నేనేం చేయాలి? నెట్‌లో చదివాను. మీ దగ్గర వినాలనిపించింది."

నాకు వెంటనే వచ్చిన ఆలోచన ఏంటంటే, నా పని ఎవరో అడుగుతున్నారు అని. ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది? కానీ డాక్టర్ గొంతు తనంతట తనే మొదలైపోయింది. చుట్టూ ఉన్న వస్తువులు జరపాలి. తలకింద మెత్తటిది పెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాలు అవీ చేతిలో పెట్టమని మీవాళ్లెవరైనా అంటే వినకూడదు. గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

"మరి కొట్టుకుంటున్నప్పుడు పట్టుకోవాలా?"

"వద్దు. పట్టుకుంటే వాడికే దెబ్బ. దగ్గర కూర్చోవాలంతే. దానంతట అది ఆగుతుంది."

కారు అద్దం మీద వాన పడుతోంది.

"ఊరికే చూస్తూ కూర్చోవాలన్నమాట," అంది చరిత. "అది మీకు చేతనైందా?"

ఇది కూడా వాకబులో భాగమేనేమో అని అనుమానం వచ్చింది. సరైన జవాబు ఏంటో నాకు బాగా తెలుసు. రోజూ ఎందరు పేషెంట్ల వాళ్లకి భయమేమీ లేదని చెబుతున్నాను, ఆ గొంతుతో చెబితే ఎవరైనా నమ్ముతారు.

"లేదు," అన్నాను. "ఒక్కసారి కూడా."